ఎవరి పేరున గ్రాంటు?



1994 సెప్టెంబరు చివరి పదిరోజులు సూరత్ ఎలా గడిపిందో నవాగామ్, డిండోలీ, లింబాయత్ పేటల్లో ఉన్న మన తెలుగు పెద్దవాళ్లకు చెప్పనక్కర్లేదు. ప్లేగు వచ్చిందన్న మాట ఒక్క రాత్రిలో ఊరంతా పాకింది. మూటాముల్లె కట్టుకుని స్టేషన్‌కు పరుగెత్తినవాళ్లు లక్షల్లో ఉన్నారు. మరమగ్గాలు ఆగిపోయాయి. మందుల దుకాణాల్లో టెట్రాసైక్లిన్ దొరకలేదు. దేశం మొత్తం మీద యాభైమందికి పైగా చనిపోతే, వారిలో ఎక్కువమంది ఈ ఊరివాళ్లే.

భయం తగ్గాక వాదన మొదలైంది. అది ప్లేగేనా, మరో జబ్బా? డాక్టర్లే రెండుగా చీలిపోయారు. పత్రికలు తలో మాటా రాశాయి. అప్పుడు కేంద్ర ప్రభుత్వం ఒక సాంకేతిక సలహా సంఘాన్ని వేసింది. ఆ సంఘానికి అధ్యక్షత వహించిన పెద్దమనిషి 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నంలో వైద్యం చదివిన తెలుగువాడు, డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. రోగుల నమూనాలూ, ఎలుకలూ, వాటి మీది గోమార్లూ, ఆసుపత్రి కాగితాలూ అన్నీ పరిశీలించి, ఇది ప్లేగేనని ఆ సంఘం తేల్చింది. మరుసటి ఏడాది మున్సిపల్ కమిషనర్‌గా వచ్చి ఊరి మురికి వదిలించిన సూర్యదేవర రామచంద్రరావుగారిని సూరత్‌లో ఇప్పటికీ తలుచుకుంటారు. అసలు జబ్బేమిటో తేల్చిన సంఘానికి పెద్ద కూడా మనవాడేనని మాత్రం మన పేటల్లోనే చాలామందికి తెలియదు.

ఆ రామలింగస్వామిగారి పేరు మీద కేంద్ర బయోటెక్నాలజీ విభాగం ఒక ఫెలోషిప్ నడుపుతోంది. విదేశాల్లో పరిశోధన చేస్తున్న యువ శాస్త్రవేత్తలు తిరిగివచ్చి ఇక్కడ సొంతంగా ల్యాబ్ పెట్టుకోవడానికి అయిదేళ్లపాటు జీతమూ, పరిశోధన ఖర్చూ ఇస్తారు. ఈవేళ నా ప్రసంగం ఈ ఫెలోషిప్ గురించీ, ఇలాంటివే మరికొన్నింటి గురించీ.

మిల్లు పనీ, ఎంబ్రాయిడరీ పనీ చేసుకునే మాకు ఈ సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. పనుంది. మన పిల్లలు ఇప్పుడు పదో తరగతి దగ్గరో ఐటీఐ దగ్గరో ఆగడం లేదు. కార్పొరేషన్ నడిపే తెలుగు మీడియం బడిలో అక్షరాలు దిద్దినవాళ్ల పిల్లలు ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ దాకా వస్తున్నారు. వాళ్లలో ఒకరిద్దరు పీహెచ్‌డీ మొదలుపెడతారు, అక్కడి నుంచి ఇంట్లో అసలు గొడవ మొదలవుతుంది. "ఇంకెన్నేండ్లు సదువుతవు బిడ్డా? నౌకరి ఎప్పుడు జేస్తవ్?" అని తల్లి అడుగుతుంది. అమ్మాయైతే ఆ ప్రశ్నకు పెళ్లి కూడా తోడవుతుంది. పిల్ల జవాబు చెప్పలేదు. చెప్పినా ఇంట్లో అర్థం కాదు. కాబట్టి ఆ జవాబు నేను చెప్పే ప్రయత్నం చేస్తాను.

జీవశాస్త్రంలో, వైద్యపరిశోధనలో పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుంది. పట్టా చేతికొచ్చిన వెంటనే ప్రొఫెసర్ ఉద్యోగం రాదు. మరో ల్యాబ్‌లో, చాలాసార్లు మరో దేశంలో, నాలుగైదేళ్లు పనిచేయాలి. దాన్నే పోస్ట్‌డాక్ అంటారు. చదువు అయిపోయినట్టే, కానీ ఉద్యోగం మాత్రం కాదు. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి కాంట్రాక్టు పొడిగిస్తారు, లేదా పొడిగించరు. అంటే, ముప్పై దాటిన మనిషి వచ్చే ఏడాది ఏ ఊళ్లో ఉంటాడో తనకే తెలియదు.

ఇందులోని కిటుకు మన నేతవాళ్లకు తేలిగ్గా తెలుస్తుంది. సేఠ్ మగ్గం మీద నేసే కారీగర్‌కు చేతిలో పనితనం ఎంతున్నా నూలు సేఠ్‌ది, మగ్గం సేఠ్‌ది, ఏ రకం బట్ట నేయాలో చెప్పేది సేఠ్. కారీగర్‌కు దక్కేది మీటరు లెక్కన కూలి. పోస్ట్‌డాక్ పరిస్థితీ అంతే. ఏ ప్రశ్న మీద పనిచేయాలో ల్యాబ్ పెద్ద చెబుతాడు, గ్రాంటు ఆయన పేరున ఉంటుంది. పేపర్లో మొదటి పేరు ఈ కుర్రవాడిదే కావచ్చు, కానీ చివరి పేరు ఆయనది. పరిశోధన రంగంలో ఆస్తి ఎవరిదో చెప్పేది ఆ చివరి పేరే. ఫ్యాకల్టీ ఉద్యోగానికి వెళితే, "నీ సొంత ఆలోచన ఏమిటి, నీ పేరున ఎంత గ్రాంటు ఉంది" అని అడుగుతారు. సొంత ల్యాబ్ ఉంటే తప్ప గ్రాంటు రాదు, గ్రాంటు ఉంటే తప్ప సొంత ల్యాబ్ ఇవ్వరు. తెలివైనవాళ్లు ఎంతోమంది ఆ ముడి దగ్గరే ఆగిపోయి, అక్కడి నుంచే మందుల కంపెనీలకో, కోడింగ్ ఉద్యోగాలకో వెళ్లిపోయారు. వెళ్లినందుకు వాళ్లను తప్పుపట్టను. ముడి విప్పకుండా చూస్తూ కూర్చున్న వ్యవస్థనే తప్పుపడతాను.

ఈ ముడిలో చిక్కుకున్న తెలుగువాళ్లలో అందరికంటే పెద్దవాడు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన ఇంట్లోవాళ్లను పొట్టనబెట్టుకుంది, ఆయన్నీ వదల్లేదు. దానికి మందు కనిపెట్టాలన్న పట్టుదలతో 1922లో బోస్టన్‌కు ఓడ ఎక్కాడు. ప్రయాణానికి డబ్బు ఎక్కడిది? కొంత మామగారు సర్దారు. కొంత కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇస్తామంది. ఆ నాయకర్ రంగూన్‌లో సంపాదించి, ఆ సొమ్మును సొంత ప్రాంతానికి రాసిచ్చిన మనిషి. వలసపోయినవాడి ధర్మనిధి ఇచ్చిన మాట ఒక శాస్త్రవేత్తను ఓడెక్కించిందన్నమాట. సూరత్‌లో వింటున్నవాళ్లకు ఈ ముక్క నచ్చుతుందని చెప్పాను.

బోస్టన్‌లో ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్‌గా పనిచేస్తూ, రోగుల బెడ్‌పాన్లు శుభ్రం చేస్తూ చదువుకున్నాడు. హార్వర్డ్ బయోకెమిస్ట్రీలో సైరస్ ఫిస్క్ ల్యాబ్‌లో చేరాడు. రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని 1925లో ఇద్దరూ కలిసి ప్రచురించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి పేరుతో తరతరాల విద్యార్థులు దాన్ని నేర్చుకున్నారు. 1927లో ఫాస్ఫోక్రియేటిన్, 1929లో ఏటీపీ. కండరం కదలడానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు ఆ రెండూ పునాదిరాళ్లు. ఏ దేశంలోనైనా ప్రొఫెసర్ పదవికి ఇంతకుమించి ఏం కావాలి? 1940 దాకా ఆ యూనివర్సిటీలోనే ఉన్నా స్థిరమైన ఫ్యాకల్టీ పదవి దక్కలేదు. అదే ల్యాబ్‌లో యువకుడిగా పనిచేసిన జార్జ్ హిచింగ్స్ తర్వాత నోబెల్ అందుకున్నాడు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలను ఫిస్క్ బయటికి రానివ్వలేదనీ, వాటిని మళ్లీ ఇంకొకరు కనిపెట్టాల్సి వచ్చిందనీ హిచింగ్స్ చెప్పాడు. ఇంకొకరి ల్యాబ్‌లో, ఇంకొకరి దయ మీద ఉన్నవాడి పనికి ఎప్పుడూ ఈ ప్రమాదం ఉంటుంది.

1940లో సుబ్బారావు లెడర్లీ అనే మందుల కంపెనీకి మారాడు. అక్కడ పరిశోధన విభాగానికి డైరెక్టరయ్యాడు. బృందం ఆయనది, బడ్జెట్ ఆయనది, ప్రశ్న ఆయనది. ఎనిమిదేళ్లే మిగిలాయి ఆయనకు. ఆ కొద్ది కాలంలో ఫోలిక్ యాసిడ్ తయారీ జరిగింది, అది స్ప్రూ రోగులకు ప్రాణం పోసింది. అమినోప్టెరిన్ వచ్చింది, సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లల మీద ప్రయోగించాడు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ క్యాన్సర్‌కూ, కీళ్లవాతానికీ ఇస్తున్నారు. బోదకాలు మందు డీఈసీ, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన విభాగం నుంచే వచ్చాయి. ఇందాక ప్లేగు రోజుల్లో దుకాణాల్లో దొరకలేదని చెప్పిన మందు ఆ కుటుంబానిదే. 1948 ఆగస్టులో 53 ఏళ్లకు కన్నుమూశాడు. ఇంట్లో నుంచి బయల్దేరినప్పటి ప్రశ్నకు జవాబు దొరికింది తన చేతికి పగ్గాలు వచ్చాకే. ముప్పైలలోనే పగ్గాలిచ్చి ఉంటే ఏం జరిగేదని ఆలోచించకుండా ఉండలేం.

ఈ సంగతి అమెరికావాళ్లకూ ఆలస్యంగానే ఎక్కింది. మొదట మేలుకున్నది ప్రభుత్వం కాదు, ధర్మనిధులు. లూసిల్ మార్కీ అనే ఆవిడకు పందెం గుర్రాలను పెంచే పెద్ద ఫారం ఉండేది. తాను పోయాక పదిహేనేళ్లలో ఒక్క డాలరు మిగలకుండా మొత్తం వైద్య పరిశోధనకు ఖర్చుపెట్టాలని వీలునామా రాసింది. 1980లలో ఆ ట్రస్టు కొత్త ఏర్పాటు చేసింది. పోస్ట్‌డాక్‌లో ఉండగానే మనిషిని ఎంపిక చేసి, మిగిలిన పోస్ట్‌డాక్ కాలానికీ, ఆ తర్వాత ఫ్యాకల్టీ ఉద్యోగంలోని తొలి ఏళ్లకూ కలిపి ఒకే గ్రాంటు ఇచ్చింది. డబ్బు యూనివర్సిటీది కాదు, మనిషిది. అతను ఎక్కడ ఉద్యోగంలో చేరితే అక్కడికి వెంట వస్తుంది. నిధి నడిపేవాళ్లకు సాధారణంగా తమ పేరు శాశ్వతంగా నిలవాలని ఉంటుంది. ఈవిడ తన సొమ్ము త్వరగా అయిపోవాలని కోరుకుంది. నాకు ఆవిడంటే గౌరవం.

ఈ పద్ధతినే 1990ల మధ్యలో బరోస్ వెల్కమ్ ఫండ్ అందుకుంది. నేను ఇందాక చెప్పిన హిచింగ్స్ చాలాకాలం ఆ ఫండ్‌కు అధ్యక్షుడిగా ఉన్నవాడే. సుబ్బారావు కథ అందులో పనిచేసిందో లేదో నేను చెప్పను. పేర్లు ఇలా కలవడం మాత్రం చిత్రంగా ఉంది.

ఈలోగా పరిస్థితి ముదిరింది. 1980లో అమెరికాలో పీహెచ్‌డీ చేసినవాళ్లు తమ పేరున తొలి పెద్ద ప్రభుత్వ గ్రాంటు సంపాదించేనాటికి సగటున 36 ఏళ్లవాళ్లు. పాతికేళ్లు తిరిగేసరికి ఆ వయసు 42 అయింది. నోబెల్ గ్రహీత థామస్ చెక్ నాయకత్వంలోని సంఘం 2005లో దీని మీద గట్టి నివేదిక ఇచ్చింది. మరుసటి ఏడాదే అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థలు, అంటే ఎన్‌ఐహెచ్, కె99-ఆర్00 అనే గ్రాంటు మొదలుపెట్టాయి. పేరు చూస్తే బస్సు నంబరులా ఉంటుంది. లోపలి ఏర్పాటు మాత్రం తెలివైనది. తొలి దశలో ఒకటి రెండేళ్లు గురువు ల్యాబ్‌లోనే ఉండి, తన ఆలోచన మీద తాను పనిచేస్తాడు. రెండో దశ మూడేళ్లు. ఎక్కడో ఒకచోట అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం వస్తేనే ఆ దశ డబ్బు విడుదలవుతుంది. ఏడాదికి 2,49,000 డాలర్ల దాకా ఇస్తారు. ఉద్యోగమిచ్చిన యూనివర్సిటీ అతని సమయంలో కనీసం ముప్పాతిక వంతు పరిశోధనకే వదిలిపెట్టాలి, పాఠాలతోనూ కమిటీలతోనూ నలిపేయకూడదు. ఆ షరతు నాకు డబ్బుకంటే విలువైనదిగా కనిపిస్తుంది.

మనవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన మాట ఒకటుంది. అమెరికాలో విదేశీయులకు దొరికే పెద్ద ఫెలోషిప్‌లు తక్కువ. ఈ దశలో ఉన్నవాళ్లకు ప్రభుత్వమిచ్చే ఫెలోషిప్‌లలో ఎక్కువ అక్కడి పౌరులకూ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ మాత్రమే. ఈ కె99కు పౌరసత్వం షరతు లేదు. వీసా మీద ఉన్న హైదరాబాద్ కుర్రవాడూ, సూరత్ అమ్మాయీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయితే కాలం మీద పట్టుబడతారు. పోస్ట్‌డాక్ మొదలై నాలుగేళ్లు దాటితే తలుపు మూసేస్తారు. చేరిన కొత్తలో ఎవరూ చెప్పక, నాలుగో ఏట ఈ సంగతి తెలిసి చేతులు నలుపుకునేవాళ్లు ఎంతోమంది. మీ అబ్బాయో అమ్మాయో అక్కడ ఉంటే ఈ ఆదివారం ఫోన్లో వంటా వాతావరణమూ అయ్యాక ఈ ముక్క అడగండి.

ఇక మన దేశం. రామలింగస్వామిగారి దగ్గరికే మళ్లీ వస్తాను. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేట్ చేసి, ఇక్కడే ఉండి పనిచేసిన మనిషి. కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో మొదలుపెట్టాడు. అదే తర్వాత హైదరాబాద్ తార్నాకకు వచ్చి జాతీయ పోషకాహార సంస్థ, అంటే ఎన్‌ఐఎన్ అయింది. అక్కడి నుంచి ఢిల్లీ ఎయిమ్స్. 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో గాయిటర్ మీద అధ్యయనం మొదలైంది. మెడ కింద కణితిలా ఉబ్బే ఆ జబ్బు అక్కడ ఇంటింటా ఉండేది. లోయను మూడు మండలాలుగా చేశారు. రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, మధ్య మండలానికి మామూలు ఉప్పు. ఏళ్ల తరబడి కాచుకుని చూశారు. అయోడిన్ ఉప్పు తిన్న రెండు చోట్లా గాయిటర్ బాగా తగ్గింది, మూడో చోట తగ్గలేదు. అప్పుడు వాళ్లకూ అదే ఉప్పు ఇచ్చారు. 1962లో మొదలైన జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమానికి ఆధారం ఈ అధ్యయనమే. మీ వంటింటి ఉప్పు ప్యాకెట్ మీద అయోడైజ్డ్ అన్న మాట వెనక ఆ లోయ ఉంది. ఆయన తర్వాత ఎయిమ్స్ డైరెక్టరయ్యాడు, ఐసీఎంఆర్ డైరెక్టర్ జనరల్ అయ్యాడు, 1986లో లండన్ రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగించుకునే మనిషి ఆరేళ్లు కాచుకోవాల్సిన ప్రయోగం మొదలుపెట్టగలడా? మొదలుపెట్టడు. రెండేళ్లలో పేపరు వచ్చే చిన్న పనే ఎంచుకుంటాడు. నిలకడైన డబ్బు లేకపోతే పోయేది ఉద్యోగాలొక్కటే కాదు, కాంగ్రాలాంటి పెద్ద ప్రశ్నలు కూడా.

ఆయన పేరిట ఫెలోషిప్ 2006-07లో మొదలైంది. ఇలాంటివి ఇంకా ఉన్నాయి. రామానుజన్ ఫెలోషిప్ విదేశంలో పనిచేస్తున్న నలభై ఏళ్లలోపు శాస్త్రవేత్తలకు. అయిదేళ్లపాటు నెలకు 1,35,000 రూపాయలు, పరిశోధనకు ఏడాదికి 7 లక్షలు. ఇప్పుడు దాన్ని అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ చూస్తోంది. ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఇక్కడే ఉన్న చిన్నవాళ్లకు కూడా. నెలకు 1,25,000, పరిశోధనకు ఏడాదికి 7 లక్షలు, అదీ అయిదేళ్లే, వయసు మాత్రం మామూలుగా 32 దాటకూడదు. ఈ అంకెలూ నిబంధనలూ అప్పుడప్పుడు మారుతుంటాయి, దరఖాస్తు పెట్టేముందు ఆ ఏటి ప్రకటన చూసుకోవాలి. ఏడాదికి 7 లక్షలంటే మన ఇళ్లలో పెద్ద మొత్తమే. జీవశాస్త్ర ల్యాబ్‌లో కాదు. కొన్ని యాంటీబాడీలు, కొన్ని రసాయనాలు, సీక్వెన్సింగ్ ఖర్చు కలిపితే ఆరునెలలు తిరక్కుండా అయిపోతుంది. సహాయకుడికి జీతం ఇవ్వడం కలలో మాట.

వీటన్నిటిలోకీ వైద్యపరిశోధనకు గట్టి ఊతమిచ్చింది ఇండియా అలయన్స్. బయోటెక్నాలజీ విభాగమూ, బ్రిటన్‌లోని వెల్కమ్ ట్రస్టూ కలిసి 2008లో ఏర్పాటు చేశాయి. ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. ఎర్లీ కెరీర్ ఫెలోషిప్ పోస్ట్‌డాక్ మొదట్లో ఉన్నవాళ్లకు. అయిదేళ్లకు కోటిన్నర పైచిలుకు. అందులో కొంతకాలం విదేశీ ల్యాబ్‌లోనూ పనిచేయవచ్చు. ఇంటర్మీడియట్ ఫెలోషిప్ సొంత ల్యాబ్ పెట్టేవాళ్లకు, అది దాదాపు మూడున్నర కోట్లు. జీతమూ, సామానూ, సహాయకుల జీతాలూ అన్నీ అందులోనే. డాక్టర్లకు వేరే ఫెలోషిప్‌లున్నాయి. ప్రభుత్వ మెడికల్ కాలేజీలోనో, సూరత్ కార్పొరేషన్ నడిపే స్మీమెర్‌లోనో రోగులను చూస్తూ పరిశోధన చేయాలనుకునే యువ డాక్టరు ఎవరైనా వింటుంటే వాటి సంగతి చూడండి.

ఇండియా అలయన్స్‌లో వయోపరిమితి లేదు. పట్టా తర్వాత ఎన్నేళ్లు పరిశోధన చేశావన్నదే చూస్తారు. బిడ్డ పుట్టి రెండేళ్లు ఆగిన అమ్మాయిని ఆ రెండేళ్లకు శిక్షించరు. 32 ఏళ్ల గీత గీసే ప్రభుత్వ పథకాలు ఎవరిని బయట ఉంచుతున్నాయో ఇక్కడే తెలుస్తుంది. మన ఇళ్లలో పాతికేళ్లకు పెళ్లి, ముప్పైలోపు బిడ్డ. ఆలస్యంగా చదువు మొదలుపెట్టిన మొదటితరం పిల్లలు, అమ్మాయిలు ఆ గీతకు అవతలే మిగిలిపోతారు. ఆ గీతను చెరిపేయాలన్నది నా గట్టి అభిప్రాయం.

2025 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఇండియా అలయన్స్ కార్యక్రమం మూడో దశకు ఒప్పుకుంది. మొత్తం 1,500 కోట్లు. వెయ్యి కోట్లు మన ప్రభుత్వానివి, అయిదు వందల కోట్లు వెల్కమ్ ట్రస్టువి. మొదటి రెండు దశల్లో ఏడువందలకు పైగా గ్రాంట్లు ఇచ్చారు. ఈసారి పెద్ద నగరాల వెలుపలి సంస్థల దాకా వెళ్తామని చెప్పారు. ఆ మాట నిలబెట్టుకుంటే సూరత్ లాంటి ఊళ్లకు మేలు జరగాలి. ఇప్పటివరకూ ఈ డబ్బులో పెద్ద భాగం బెంగళూరు, పుణె, హైదరాబాద్, ఢిల్లీ సంస్థలకే వెళ్లింది. 1994లో ప్లేగు విరుచుకుపడింది ఆ ఊళ్ల మీద కాదు.

మెచ్చుకోలు చాలు, ఇక నా ఫిర్యాదు. ఈ పథకాలన్నీ అయిదేళ్ల వంతెనలు. అమెరికా గ్రాంటులో రెండో దశ మొదలవ్వాలంటే అవతలి ఒడ్డున ఉద్యోగం ఉండి తీరాలి. మన పథకాల్లో చాలావాటికి ఆ షరతు లేదు. సంస్థ ఫెలోను సంతోషంగా చేర్చుకుంటుంది. జీతం దాని ఖజానా నుంచి పోవడం లేదు కదా. పాఠాలు చెప్పించుకుంటుంది, పేపర్లు లెక్కలో చూపించుకుంటుంది, అయిదేళ్లు నిండాక ఖాళీ లేదంటుంది. నలభైకి దగ్గరపడ్డ మనిషి, ఇద్దరు విద్యార్థులను మధ్యలో పెట్టుకుని, మళ్లీ దరఖాస్తులు రాయడం మొదలుపెడతాడు. విదేశంలో స్థిరమైన పని వదులుకుని ఈ దేశం మీద నమ్మకంతో వచ్చినవాళ్లకు మనం చేసే మర్యాద ఇదేనా? ఫెలోను చేర్చుకునే రోజే, పని బాగుంటే పోస్టు ఇస్తామని సంస్థ రాసివ్వాలి. రాసివ్వని సంస్థకు ఫెలో డబ్బు వెళ్లకూడదు. అంత కఠినంగా ఉంటే తప్ప ఇది మారదు.

రెండో ఫిర్యాదు చిన్నదే, కానీ కడుపుకు సంబంధించింది. ఫెలోషిప్ డబ్బు నెలనెలా రాదు. వినియోగ పత్రం అందలేదనీ, ఆర్థిక సంవత్సరం ముగిసిందనీ, ఖాతా మార్చమన్నారనీ నెలలు గడిచిపోతాయి. నేతకూలి శనివారం శనివారం చేతిలో పడకపోతే మగ్గం దగ్గర ఏమవుతుందో మీకు తెలుసు. చదువుకున్నవాడు కాబట్టి గొడవ చేయడు. ఇంటి అద్దె మాత్రం అందరిలాగే ఒకటో తారీఖున కట్టాలి.

ఇవన్నీ చెప్పి పిల్లలను భయపెట్టడం నా ఉద్దేశం కాదు. పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు మూడో ఏటి నుంచే ఈ తలుపులు ఎక్కడున్నాయో చూసుకోవాలి. పోస్ట్‌డాక్‌కు ల్యాబ్ ఎంచుకునేటప్పుడు ఆ ప్రొఫెసర్ పేరు ఎంత పెద్దదని చూడకండి. ఆయన దగ్గర పనిచేసినవాళ్లలో ఎంతమంది సొంత ల్యాబ్ పెట్టారో చూడండి. వెళ్లేటప్పుడు ప్రాజెక్టులో ఒక ముక్క వెంట తీసుకుపోనిస్తారా అని చేరేముందే అడగండి. మొహమాటపడి అడగనివాళ్లు తర్వాత ఫిస్క్‌లాంటివారి చేతిలో పడతారు. దరఖాస్తు మొదటిసారి తిరిగొస్తే దాంతో వచ్చే విమర్శలను దాచుకుని రెండోసారి రాయండి. ఈ పోటీల్లో ఎంతోమందికి మొదటి దెబ్బకు రాదు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ముప్పై రెండేళ్ల కూతురు ఇంకా పోస్ట్‌డాక్ అంటే అది నిరుద్యోగం కాదు, తిరుగుడూ కాదు. ఆమె సొంత ల్యాబ్‌కు ఒకటి రెండు మెట్ల కింద ఉంది. అప్పటిదాకా సంబంధాలు చూడటం ఆపమని చెప్పే అధికారం నాకు లేదు. "నౌకరి ఎప్పుడు" అని అడగడం మాత్రం ఆపి, "నీ పేరున గ్రాంటు ఎప్పుడు పెడుతున్నవ్ బిడ్డా" అని అడగండి. పండగలకు చందాలు పోగుచేసే మన సంఘాల పెద్దలకూ ఒక మాట. ఇంటర్వ్యూకు ఢిల్లీకో హైదరాబాద్‌కో వెళ్లే పిల్లకు రైలు చార్జీలు, దరఖాస్తు రాసే నెలల్లో ఇంటి ఖర్చుకు కాస్త ఆసరా, ఇవి కోట్ల పని కాదు. కాకినాడ ధర్మసంస్థ 1922లో చేయబోయిన పని సూరత్‌లోని తెలుగు సంఘాలు ఇప్పుడు చేయగలవు. వచ్చే సంవత్సరాది సమావేశంలో లెక్కలు చదివేటప్పుడు ఆ పద్దు కింద ఒక అంకె వేయండి.